పుట్టినింటి పేరు

బోస్టను నగరమున మేము కాపురముండు వీధిలో ప్రక్కయింటి వృద్ధురాలు మాకు మిక్కిలి యాప్తురాలు. ఆమెకు డెబ్బదియైదేండ్లు దాటినవి. మేము ఆమెను అక్కగారనియే పిలిచెదము. ఆ మాటకు అర్థము తెలిసిన నాటినుండి ఆమెయు మమ్ము "చెల్లీ" యని పిలుచుట నేర్చుకొన్నది. ఒకనాటి సాయంకాలము ఆమె మా వంటయింటి బల్లయొద్ద కూర్చుండి, చిక్కుడుకాయల యీనెలు తీయుచు, "చెల్లీ, మా ముత్తవ్వ తల్లి యే యూర పుట్టినదో ఆ నేల నొకమాఱు త్రొక్కి రావలెనని యున్నది. నీవు తోడువచ్చెదవా?" యని యడిగెను. సరే యంటిమి. ఊరి పేరు చెప్పుమనగా ఆమె నవ్వి, "అదియే తెలియదు" అనెను.

ఆ కుటుంబమువారికి తెలిసిన దింతే: ఆ పూర్వురాలి పేరు బ్రిజిట్. ఐర్లండునుండి కఱవు కాలమున ఒంటరిగా ఓడయెక్కి వచ్చినది. బోస్టనులో నొక ధనవంతుల యింట పనికి కుదిరినది. పిదప పెండ్లియాడి యేడుగురు బిడ్డలను కన్నది. తక్కినదంతయు మఱపున పడినది.

ఆ కఱవును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 1845వ సంవత్సరమున ఐర్లండులో బంగాళాదుంప పైరునకు బూజుతెగులు సోకెను. అచ్చటి పేదకు దుంపయే అన్నము, దుంపయే కూర. తెగులు ఏటేట తిరిగివచ్చి 1852 వఱకు ఆ దేశమును పీడించెను. దేశమున ధాన్యము లేకపోలేదు. పేదవాడు దానిని కొనలేకపోయెను, కొనగలవారికొఱకు అది ఓడలకెక్కి ఇంగ్లండునకు పోవుచునే యుండెను. 1841 జనాభా లెక్కలో 81 లక్షలకు పైగా నున్న జనము 1851 నాటికి 65 లక్షలైరి. సుమారు పదిలక్షలమంది చనిపోయిరి. అంతకంటె నెక్కువమంది దేశము విడిచిరి.

వలసపోయిన వారిలో స్త్రీలు సగపాలు. ఇది సోదరీమణులు గమనింపదగిన విషయము. ఇతర ఐరోపా దేశములనుండి తఱచుగా మగవాడు ముందుపోయి నిలద్రొక్కుకొని పిమ్మట ఆలుబిడ్డలను పిలిపించుకొనెడివాడు. ఐర్లండునుండి పెండ్లికాని పడుచులు తమంతట తామే బయలుదేఱిరి. బోస్టను, న్యూయార్కు నగరముల యిండ్లలో వంటపనియు, పాచిపనియు చేసి, జీతములో మిగిల్చిన డబ్బుతో తమ్మునికో చెల్లెలికో ఓడ టిక్కెట్టు పంపిరి. ఐర్లండు పడుచులలో బ్రిజిట్ అను పేరు ఎంత విరివిగా నుండెడిదనగా, పనిపిల్ల యసలు పేరేమని యడుగకయే కొందఱు దొరసానులు ఆ పేరున కేకవేసెడివారట. అట్టి వేలకొలది బ్రిజిట్లలో మన బ్రిజిట్ ఎవరు?

ఐర్లండులో ఒక వంశపు జాడ తీయవలెనన్న విచారణ పేరు తెలియవలెను. ఒక దేవాలయమునకు, దాని గురువునకు లోబడిన పల్లెల సమూహమును మన గుంటూరు సీమలోని క్యాథలిక్కులు విచారణ యందురు. ఇంగ్లీషువారు పారిష్ అనునది అదియే. పుట్టుక, పెండ్లి వ్రాసియుంచిన పుస్తకములు విచారణ గుడిలోనే యుండును. దేశమున 32 కౌంటీలు కలవు. వానిలో మన శివారు పల్లెలవంటి టౌన్లాండులు అఱువదివేలకు పైగా కలవు. ఒకే పేరుగల టౌన్లాండులు పది చోట్ల నుండును. విచారణ తెలియక ఐర్లండునకు పోవుట, మన దేశమున రామాపురమేదో తెలియక రామాపురమునకు బండి కట్టుటవంటిది.

అక్కగారు అమెరికా కాగితములన్నియు వెదకెను. ఓడ పట్టికలో "ఐర్లండు" అని యున్నది. 1900వ సంవత్సరపు జనాభా లెక్కలో నిదే మాట. దేశపౌరత్వమిచ్చిన పత్రమైన నుండునా యన్నచో, 1922 వఱకు ఆ దేశమున భార్య పౌరత్వము మగని పౌరత్వమును బట్టియే సాగెడిది గనుక ఆమెకు వేఱు పత్రమే లేదు. పెండ్లియైన నాటినుండి ఏ కాగితమున చూచినను మగని యింటి పేరే. స్త్రీ జాడ తప్పుట యిచ్చటనే.

ఇందుకు ప్రసిద్ధమైన దృష్టాంత మొకటి కలదు. 1892 జనవరి 1వ తేదీన న్యూయార్కు రేవులోని ఎల్లిస్ ద్వీపమున వలసవారి క్రొత్త కార్యాలయము తెఱచినప్పుడు మొట్టమొదట అడుగుపెట్టినది ఐర్లండులోని కార్కు కౌంటీ పిల్ల యగు ఆనీ మూర్. తమ్ములిద్దఱిని వెంటబెట్టుకొని వచ్చినది. ఆమె ఓడయెక్కిన కోవ్ రేవునను, దిగిన ద్వీపమునను నేడు ఆమె విగ్రహములున్నవి. ఆమె తరువాత టెక్సాసునకు పోయి స్థిరపడినదని లోకమంతయు నమ్మెను. ఆ టెక్సాసు ఆనీ ఇల్లినాయి రాష్ట్రమున పుట్టిన వేఱొక యువతి యనియు, అసలు ఆనీ న్యూయార్కు పేటలలోనే నివసించి, షేయర్ అను నింటి పేరుగల వానిని పెండ్లియాడి, పెక్కుమంది బిడ్డలను కని 1924లో చనిపోయినదనియు 2006లో మేగన్ స్మోలెన్యాక్ అను వంశశోధకురాలు తేల్చెను. అంతవఱకు ఆమె సమాధిపై ఱాయియైన లేదు, 2008లో పెట్టిరి. విగ్రహమున్న స్త్రీకే యీ గతి పట్టినప్పుడు అంట్లు తోమిన బ్రిజిట్ మాట వేఱుగా చెప్పనేల?

అయితే మాసచుసెట్సు రాష్ట్రపు మరణ పత్రములలో నొక మంచి యాచారమున్నది. చనిపోయిన వారి తల్లిదండ్రుల పేర్లు వ్రాయునప్పుడు తల్లి పుట్టినింటి పేరును గూడ వ్రాసెడివారు. బ్రిజిట్ మరణ పత్రమున ఆమె తండ్రి పేరును, తల్లి పుట్టినింటి పేరును దొరికినవి. ఆ కాగితము చేతబట్టుకొని అక్కగారు మా యింటికి పరుగున వచ్చిన దినము మాకింకను జ్ఞాపకమున్నది. కాలికి చెప్పులు లేవు.

రెండవ యాధారము "పైలట్" అను బోస్టను క్యాథలిక్కు పత్రికలో దొరికెను. ఆ పత్రిక 1831 మొదలు 1921 వఱకు తప్పిపోయిన బంధువులకొఱకు ప్రకటనలు వేసెడిది. అన్నను వెదకు చెల్లెలు, మగని వెదకు భార్య, కొడుకును వెదకు తల్లి రుసుము చెల్లించి వేయించుకొనెడివారు. చదువరి గుర్తుపట్టుటకై ఊరు, విచారణ, కౌంటీ, ఓడదిగిన రేవు, చేయు వృత్తి వివరముగా వ్రాసెడివారు. వేలకొలది యగు నీ ప్రకటనలను బోస్టను కళాశాలవారు కంప్యూటరులో చేర్చి యెల్లరకు నందుబాటున నుంచిరి. వానిలో మన బ్రిజిట్ వేసిన దొకటి యున్నది. 1847లో క్విబెక్ రేవునకు పోయిన తన యన్నను వెదకుచున్నాననియు, తమది రోస్‌కామన్ కౌంటీలో ఫలానా విచారణ యనియు ఆమె వేయించినది. అప్పటికి ఆమెకు పెండ్లియైనది. అయినను ప్రకటన క్రింద పుట్టినింటి పేరే పెట్టినది. మగని పేరు పెట్టినచో అన్న యెట్లు గుర్తించును? ఆ సూక్ష్మబుద్ధి వలననే నూటయఱువది యేండ్లు గడచిన పిదప అన్నకు బదులు మునిమనుమరాలి కూతురు ఆ జాబు నందుకొన్నది.

వేసవిలో మేమిద్దఱము డబ్లిన్ చేరితిమి. లిఫీ నది యొడ్డున నాలుగు న్యాయస్థానముల భవనమని పేరుగల గుమ్మటపు మేడ కలదు. 1922 జూన్ 30వ తేదీన, అంతర్యుద్ధ సమయమున, దాని ప్రక్కనున్న ప్రభుత్వ దస్తావేజుల భవనము ప్రేలి తగులబడెను. ఏడువందల యేండ్ల కాగితములు మసియై నగరముపై రాలినవి. 1821 మొదలు 1851 వఱకు గల జనాభా లెక్కలు అందే నశించెను. 1861, 1871 లెక్కలను ప్రభుత్వమువారే అంతకు మునుపు పాడుచేసిరి. 1881, 1891 లెక్కలను మొదటి ప్రపంచయుద్ధ కాలమున కాగితపు గుజ్జు చేసిరి. కాబట్టి పూర్తిగా మిగిలిన వానిలో మొదటిది 1901 నాటిది. అగ్నిని నిందింపవచ్చును గాని గుజ్జు చేసినవారి నేమనవలెను?

క్యాథలిక్కుల విచారణ పుస్తకములు మాత్రము ఆ భవనమున లేవు. ఏ గుడివి ఆ గుడిలో, ఏ బీరువావి ఆ బీరువాలో పడియుండెను. ప్రభుత్వ దృష్టిలో వానికి గౌరవము లేకపోవుటయే వానికి రక్షయైనది. వానిని జాతీయ గ్రంథాలయమువారు ఫిలిముగా తీసి యుంచి, 2015 జూలైలో నింటర్నెట్టున పెట్టిరి. రుసుము లేదు. బోస్టనులో కూర్చుండియే మేము చూచితిమి, కాని తెమలలేదు. ఆ విచారణలో రెండేండ్ల వ్యవధిలో బ్రిజిట్ అను పిల్లలిద్దఱు పుట్టిరి. ఇద్దఱి తండ్రుల పేర్లును ఒక్కటే, ఇంటి పేర్లును ఒక్కటే. చెమ్మకు సిరా పాకి, తల్లి పేరున్న చోట మా కండ్లకు మసక తప్ప మఱేమియు కనబడలేదు.

కిల్డేర్ వీధిలోని ఆ గ్రంథాలయమున వంశవిచారణకై వచ్చు వారికి సాయపడుటకు అధికారులున్నారు. అక్కడి యామె పుటను పెద్దది చేసి, వెలుగు మార్చి, ఆ గురువుగారి చేవ్రాతలోని తక్కిన అక్షరములతో పోల్చి చూపెను. వ్రాత లాటిను. బ్రిజిట్ "బ్రిజిడా" యైనది. జాన్ "జోయన్నెస్", జేమ్స్ "జేకోబస్" అయిరి. జ్ఞానస్నానము పొందిన శిశువు పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు, టౌన్లాండు పేరు వరుసగా నున్నవి. తల్లి పేరు వద్ద ఆ గురువు మగని యింటి పేరు వ్రాయలేదు, పుట్టినింటి పేరే వ్రాసెను. అది వారి యాచారము. ఐర్లండు పల్లెలలో పెండ్లియైన స్త్రీని ఇరుగుపొరుగు వారు చచ్చువఱకు పుట్టినింటి పేరుతోనే పిలుచుట వాడుకగా నుండెడిదట. ఇద్దఱు బ్రిజిట్లలో ఒకతె తల్లి పేరు మరణ పత్రముతో అక్షరమక్షరము సరిపోయెను. తండ్రి పేరు తేల్చలేని తగవు తల్లి పేరు తేల్చినది.

అక్కగారు ఏడ్వలేదు. ఆ పుటను అచ్చు తీయించుకొని, మడతపడకుండ పుస్తకములో పెట్టుకొని, "ఇక పోదము" అనెను.

రోస్‌కామన్ కౌంటీలో మొదట స్ట్రోక్స్‌టౌన్ చూచితిమి. అది జమీందారు మేజర్ డెనిస్ మాహన్ ఉండిన యూరు. 1847లో నతడు శిస్తు చెల్లింపలేని 1,490 మంది రైతుజనమును తన ఖర్చుతో కెనడాకు పంపించెను. ఊర నుంచి తిండి పెట్టుటకంటె ఓడ కెక్కించుట చౌక. వారు కాలువ గట్టు వెంబడి డబ్లిన్ వఱకు కాలినడకన పోయిరి. అచ్చటినుండి లివర్‌పూలు, లివర్‌పూలునుండి క్విబెక్. వారెక్కిన యోడలలో నొకటియగు "వర్జీనియస్"లో 476 మంది బయలుదేఱగా 158 మంది నడిసముద్రముననే జ్వరముతో చనిపోయిరి. ఆ సంవత్సరము నవంబరులో మాహనును కాల్చి చంపిరి. నేడు ఆ బంగళా ఆవరణలో కఱవు ప్రదర్శనశాల యున్నది. ఆ ప్రజలు నడచిన 165 కిలోమీటర్ల బాటను గుర్తుగా నిలిపి, త్రోవ పొడుగున కంచుతో పోసిన చిన్నపిల్లల పాదరక్షలుంచిరి. అవి చూచి మేము చాలసేపు మాటలాడలేకపోతిమి.

ఆ 1,490 మందిలో టై అను నింటి పేరుగల యొక కుటుంబము "నయోమీ" యను నోడ నెక్కెను. అందు బ్రతికి యొడ్డు చేరినవారు పండ్రెండేండ్ల డేనియల్, తొమ్మిదేండ్ల కాథరిన్ అను పిల్లలిద్దఱే. క్విబెక్ పల్లెలోని ఫ్రెంచి రైతు కుటుంబమొకటి వారిని పెంచుకొనెను. అన్నచెల్లెండ్రను విడదీయలేదు, ఇంటి పేరు మార్చలేదు. ఆ పేరు నిలిచియుండుట వలననే 2013లో ఆ వంశీకు డొకడు స్ట్రోక్స్‌టౌన్‌నకు తిరిగి రాగలిగెను. అక్కగారు ఆ కథ చదివి, "బ్రిజిట్ అన్నయు ఆ యేటనే క్విబెక్ పోయెను గదా" యని మాత్రమనెను. ఆ రేవు దాపునగల గ్రోస్ ద్వీపమున ఆ యొక్క యేడు పూడ్చిన వారు అయిదువేలకు పైబడిరి.

ఈ కౌంటీతో మనకొక సంబంధము కలదు. ఉత్తరమున బాయిల్ అను పట్టణమున్నది. 1917లో మద్రాసున భారత మహిళా సంఘమును స్థాపించిన వారిలో నొకరును, మదనపల్లెలో నుండగా 1919లో రవీంద్రుని "జనగణమన"కు స్వరము వ్రాసియుంచినవారును అగు మార్గరెట్ కజిన్స్ 1878లో నక్కడ పుట్టిరి. కజిన్స్ మగని పేరు. పుట్టినింటి పేరు గిలెస్పీ యని మే మప్పుడే తెలిసికొంటిమి. ఇన్నాళ్లు ఆమె పేరు తలచుచు నుండియు ఆ సంగతి యడుగవలెనని మాకు తోచలేదు.

మఱునాడు కారు కట్టించుకొని బ్రిజిట్ టౌన్లాండునకు బయలుదేఱితిమి. ఊరి పేరు వ్రాయవద్దని అక్కగారు కోరినందున వ్రాయుట లేదు. అదే పేరుగల టౌన్లాండు ఆ కౌంటీలోనే మఱియొకటి యున్నదని పైన చెప్పిన మేమే మఱచితిమి. చినుకులలో, బురదలో, పరాయివారి శ్మశానమున ఒక దినమంతయు సమాధి ఱాళ్లు చదివి, సాయంకాలము పటము చూచుకొని నాలుక కఱచుకొంటిమి. అక్కగారు కోపపడలేదు. మాకే మాపై కోపము వచ్చెను.

సరియైన చోటు చేరుసరికి మూడవ దినమైనది. చదువరులకు వర్ణించుటకు అచ్చట నేమియు లేదు. పచ్చికబయలు, ఱాతి గోడ, నాలుగు ఆవులు. గ్రిఫిత్ దొరగారి ఆజమాయిషీలో 1847 మొదలు 1864 వఱకు అచ్చుపడిన భూముల పన్ను పట్టికలో నీ టౌన్లాండు పుట మాయొద్ద నున్నది. అందు పెద్ద పశువుల రైతొకడును, అతని పశులకాపరి యిల్లొకటియు మాత్రము కనబడును. బ్రిజిట్ తండ్రి పేరు లేదు. అనగా కఱవు తీఱుసరికి ఆ పల్లె మొత్తము లేచిపోయినది. మనుష్యులున్న చోట గొడ్లు నిలిచినవి. రోస్‌కామన్ కౌంటీలో ఆ పదేండ్లలో మూడవ వంతునకు చేరువగా జనము తగ్గిరి.

గోడ కవతలి యింటినుండి ఎనుబది దాటిన ముసలమ్మ యొకతె వచ్చి మమ్ము పలుకరించి, వానలో నిలువవద్దని లోనికి గొనిపోయెను. తేనీరు, సోడాయుప్పు వేసి కాల్చిన రొట్టె, వెన్న పెట్టెను. ఎక్కడివారని యడుగలేదు. "మీ బ్రిజిట్ తల్లి యెవరింటి పిల్ల?" యని యడిగెను. అక్కగారు ఆ పుట్టినింటి పేరు చెప్పిరి. ముసలమ్మ కిటికీలోనుండి చేయి చాచి, ఎదుటి వాలుమీద చిన్న మడి చూపి, దాని పేరు అదియే యనెను. ఆ యింటిపేరు గలవారు ఆ చుట్టుప్రక్కల లేరు. తన చిన్ననాటనే లేరట. మడికి మాత్రము ఆ పేరు పోలేదు. పాలకుఱ్ఱవాడు సైతము ఆవులను ఆ పేరు చెప్పియే తోలుకొనివచ్చునట.

అక్కగారు గొడుగైన తీసికొనక ఆ మడిలోనికి నడచి, అటునిటు తిరిగి, మోకాళ్లవఱకు తడిసి వచ్చెను. "ఆ తల్లిని ఎచ్చట పూడ్చిరో?" యని ముసలమ్మ నడిగెను. ఆ కాలమున చచ్చినవారి పేర్లు వ్రాయుటకు గురువులకు తీఱిక లేదు. ఆ విచారణలో పూడ్చిన వారి పుస్తకమే లేదు. ముసలమ్మ ఆ మాటకు బదులు చెప్పక, తడిసిన మేజోళ్లు విప్పించి పొయ్యికడ ఆఱవేసెను.

తేనీరు రెండవమాఱు పోయుచు ఆమె మావైపు తిరిగి, "నీ సంగతి యేమి? నీ ముత్తవ్వ యెవరింటి పిల్ల?" అని యడిగెను. మా గోత్రము, ఋషులు, తండ్రి తాత ముత్తాతల పేర్లు చిన్ననాటినుండి నోటికి వచ్చును. ముత్తవ్వ పేరును తద్దినమునాడు విన్నదే. ఆమె పుట్టినింటి పేరు మాకు రాలేదు. తెలియదని చెప్పుటకు మాకు సిగ్గయ్యెను.

ఆ రాత్రి బసనుండి తెనాలిలోని మా పిన్నమ్మగారికి ఫోను చేసితిమి. ఆమెకు తొంబది దగ్గఱ పడినది. ఇంత తెల్లవాఱుజామున ఇదేమి ప్రశ్న యని మొదట విసుగుకొనెను. తరువాత కొంచెమాగి, రేపల్లె వైపు వారని విన్నట్లు జ్ఞాపకమనియు, ఇంటి పేరు నోటిదాక వచ్చి పోవుచున్నదనియు, పొద్దెక్కిన తరువాత మరల చేయుమనియు చెప్పెను.